గెలుపు ఎవరి ఖాతాలో?

జనవరి వస్తే చాలు, ఆఫీసులో కాఫీ మిషన్ దగ్గర అమెరికన్ సహోద్యోగులు తగువు మొదలెడతారు: ఈసారి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎవరు అర్హులు? మనవాళ్ళు మర్యాదగా తలూపి సీటుకి వచ్చేస్తారు. కాసేపు నిలబడి వినండి. డేటాబేసుల మధ్య బతికే మనకి బాగా తెలిసిన తగువే అది: ఏ కాలమ్‌ని నమ్మాలి?

ఓటు వేసేది బేస్‌బాల్ రచయితల సంఘంలో పదేళ్ళు సభ్యులుగా ఉన్న విలేఖరులు. 75 శాతం వస్తే కూపర్స్‌టౌన్‌లో కంచు ఫలకం. 5 శాతం కూడా రాకపోతే మరుసటేడు జాబితాలో పేరే ఉండదు.

బర్ట్ బ్లైలెవెన్ 22 సీజన్లు ఆడిన పిచర్. 3,701 స్ట్రైకౌట్లు. అయినా 1998లో మొదటిసారి ఓటింగుకొస్తే దక్కింది 17.5 శాతమే. గెలుపులు 287 దగ్గర ఆగిపోయాయి, విలేఖరుల మనసులో గీతేమో 300 దగ్గరుంది.

క్రికెట్లో బౌలర్ పేరున వికెట్లు రాస్తాం గానీ మ్యాచి గెలుపు రాయం కదా? బేస్‌బాల్లో పిచర్ పేరున గెలుపోటములు రాస్తారు. అతను ఒక్క పరుగే ఇచ్చినా, తన జట్టు సున్నా కొడితే ఓటమి అతని ఖాతాలోనే. వేరియబుల్‌కి తప్పు పేరు పెట్టి, నూరేళ్ళపాటు ఎవరూ మార్చలేదన్నమాట! 2000ల్లో రిచ్ లెడరర్ లాంటివాళ్ళు ఈ లెక్కని ఇంటర్నెట్‌లో ఏళ్ళ తరబడి విప్పి చెప్పారు. 2010లో 13 గెలుపులే ఉన్న ఫెలిక్స్ హెర్నాండెజ్‌కి ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డిచ్చారు. 2011లో, పద్నాలుగో ప్రయత్నంలో, బ్లైలెవెన్‌కి 79.7 శాతం వచ్చింది.

జాక్ మోరిస్‌ది దీనికి ఎదురు కథ. 1991 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచిలో పది ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ రాత్రి చూసినవాళ్ళకి అతని 3.90 సగటు గుర్తుండదు. రిలీజు రాత్రి సర్వర్‌ని నిలబెట్టినవాడికి ప్రమోషన్ రావడం మనం చూడనిదా? విలేఖరులు పదిహేనుసార్లు కాదన్నా, 2017 డిసెంబర్లో కమిటీ అతన్ని లోపలికి తీసుకుంది. నాకు పెద్ద అభ్యంతరం లేదు.

(మందుల వాడకం గొడవలో చిక్కుకున్న బారీ బాండ్స్ సంగతి వేరు. 762 హోమ్ రన్లున్నా 2022లో, చివరి ఓటింగులో, 66 శాతం దగ్గర ఆగాడు. అది అంకెలతో తేలేది కాదు.)

నాకే ఓటుంటే లూ విటాకర్‌కి వేస్తాను. డెట్రాయిట్ జట్టులో అతనూ అలన్ ట్రామెల్ 19 సీజన్లు రామలక్ష్మణుల్లా పక్కపక్కన ఆడారు. సులువుగా దొరికే మామూలు ఆటగాడి బదులు ఇతనుండటంవల్ల జట్టుకి ఎన్ని గెలుపులు ఎక్కువొచ్చాయో అంచనా కట్టే లెక్కొకటుంది, దాని పేరు ‘వార్’. బేస్‌బాల్ రిఫరెన్స్ సైటు ప్రకారం ట్రామెల్‌కి 70, విటాకర్‌కి 75 దాకా వస్తాయి. అదీ అంచనాయే. ఫాన్‌గ్రాఫ్స్ సైటు లెక్క దీనితో కలవదు, అయిదు పాయింట్ల తేడాకి నేను పోట్లాడను. కానీ మోరిస్‌తోపాటే ట్రామెల్ కూడా లోపలికెళ్ళాడు. విటాకర్‌కి మాత్రం 2001లో మొదటి ఓటింగులోనే 2.9 శాతం వచ్చి పేరు కొట్టేశారు. బ్లైలెవెన్‌కి దొరికిన పద్నాలుగేళ్ళ వాదన అతనికి దొరకలేదు. 2019లో కమిటీ ముందుకి మళ్ళీ వచ్చాడు. పన్నెండు ఓట్లు కావాలి, పదహారుమందిలో ఆరుగురే ఊఁ అన్నారు.