వింతలు విశేషాలు: మంచు ఎడారిలో మనవాళ్లు

అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. దేశంలో బాగా తక్కువ వాన పడే చోట్లలో ఇదొకటి. వానల లెక్కన చూస్తే మాత్రం మనకంటే ఎండు నేల ఒకటుంది. అది ఏడాదంతా మంచు కప్పుకున్న అంటార్కిటికా. అక్కడ మన దేశం నడిపే పరిశోధన కేంద్రాల కబుర్లు ఇవి.

అతి పెద్ద ఎడారి
అంటార్కిటికా నడిమి పీఠభూమి మీద ఏడాదంతా కురిసిన మంచును కరిగించినా 50 మిల్లీమీటర్ల నీళ్లు రావడం కష్టం. సహారా కంటే పెద్ద ఎడారి ఇది. అయినా ప్రపంచంలోని మంచినీళ్లలో సగానికి పైగా ఇక్కడే గడ్డకట్టి ఉన్నాయి.

అతి పెద్ద చలి
1983 జులై 21న రష్యన్ల వోస్తోక్ కేంద్రంలో మైనస్ 89.2 డిగ్రీలు నమోదైంది. భూమ్మీద వాతావరణ కేంద్రంలో కొలిచిన చలిలో ఇదే రికార్డు.

గాలికి పుట్టినిల్లు
గాలిమరల రామగిరి కొండలు తెలిసినవారికి కూడా అంటార్కిటికా తీరంలోని కేప్ డెనిసన్ గాలి కొత్తే. 1912-13లో డగ్లస్ మాసన్ బృందం అక్కడ కొలిస్తే, గాలి సగటు వేగమే గంటకు 80 కిలోమీటర్ల దగ్గర తేలింది. పీఠభూమి మీది చల్లగాలి బరువెక్కి, వాలు వెంట సముద్రం వైపు జారడమే దీనికి కారణం.

మంచు మింగిన ఇల్లు
మన తొలి కేంద్రం దక్షిణ గంగోత్రిని 1983-84లో మంచు ఫలకం మీదే కట్టారు. ఏటా పడే మంచు దాన్ని పూడ్చేయడంతో 1990కల్లా కేంద్రంగా దాని పని ముగిసింది. ఆ అనుభవంతో 1989లో మైత్రిని షిర్మాకర్ ఒయాసిస్ రాతినేల మీద నిలిపారు. మూడోదైన భారతి 2012లో మొదలైంది. 134 షిప్పింగ్ కంటైనర్లను జతచేసి దాన్ని కట్టారు.

ఉత్తరాలూ వెళ్తాయి
దక్షిణ గంగోత్రిలో 1984లోనే గోవా తపాలా విభాగం కింద పోస్టాఫీసు తెరిచారు. అది మంచులో కూరుకుపోయాక ఆ పని మైత్రికి మారింది.

పొద్దు పొడవని నెలలు
మైత్రిలో మే చివర మునిగిన పొద్దు జులై చివరికి గానీ పొడవదు. నడి వేసవిలో అంతే కాలం అసలు మునగదు. మార్చి దాటితే ఓడ రాదు, విమానమూ రాదు. మళ్లీ నవంబరు దాకా నిల్వ ఉన్న బియ్యం, పప్పు, డీజిలే దిక్కు. మైత్రికి తాగునీళ్లు పక్కనున్న ప్రియదర్శిని సరస్సు నుంచి వస్తాయి. చెత్త పారేయడానికి వీల్లేదు, పోగుచేసి ఓడలో వెనక్కి పంపాల్సిందే.

403 రోజులు
ఇస్రోకు చెందిన మంగళా మణి 2016-17లో, 56 ఏళ్ల వయసులో, భారతిలో 403 రోజులు గడిపారు. ఇస్రో నుంచి వెళ్లి అంటార్కిటికాలో ఏడాదికి పైగా ఉన్న తొలి మహిళ ఆమే. 23 మంది బృందంలో ఆడమనిషి ఆమె ఒక్కరే.

హైదరాబాదు జాడలు
హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ మైత్రి దగ్గర భూకంపాలను కొలుస్తోంది. అదే ఊళ్లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త ఎస్. శివాజీ బృందం షిర్మాకర్ ఒయాసిస్ మట్టిలో దొరికిన కొత్త సూక్ష్మజీవికి 1992లో స్ఫింగోబాక్టీరియం అంటార్కిటికస్ అని పేరుపెట్టింది.

ధ్రువం నుంచి షాద్‌నగర్‌కు
భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా రోజుకు దాదాపు 14 చుట్లు తిరుగుతాయి. షాద్‌నగర్‌లోని ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ యాంటెన్నాలకు వాటిలో కొన్నే చిక్కుతాయి. ధ్రువానికి దగ్గరున్న భారతికి చాలా చుట్లు కనిపిస్తాయి. అందుకే 2013లో అక్కడ గ్రౌండ్ స్టేషన్ పెట్టారు. మంగళా మణి పని చేసింది అందులోనే. అక్కడ అందుకున్న డేటా వెంటనే షాద్‌నగర్ చేరుతుంది. రిసోర్స్‌శాట్ వంటి ఉపగ్రహాలు తీసిన చిత్రాలతో పైరు పచ్చదనాన్ని కొలిచి ఎక్కడ కరువుందో అంచనా కడతారు. వేరుశనగ ఎండిన మండలాల లెక్కకు పనికొచ్చే సమాచారం మంచు ఎడారి నుంచి రావడం ఈ రికార్డుల్లో ఏదీ సాటిరాని వింత.