నల్లరేగడిలో ద్రాక్ష

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు ద్రాక్ష వేయదలచిన రైతు సోదరులు ముందుగా ఆ తీగ స్వభావము నెరుగవలెను.

మధ్యధరా సముద్రములోని సైప్రస్ ద్వీపమున ద్రాక్ష తీగ చలికాలమందు ఆకు రాల్చి నిద్రించును. వానలు ముఖ్యముగా ఆ కాలముననే కురియును. వేసవి పొడిగా నుండును. అందుచే అచట ఏడాదికొక కత్తిరింపు చాలును. కోసిన పండ్లను ఎండలో వాడ్చి, చిక్కని రసముతో చేయు కమండారియా అను ద్రాక్షసారా ఎనిమిది వందల ఏండ్లుగా ప్రసిద్ధము.

మన తీగకు నిద్ర లేదు. 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చిన అనాబ్-ఎ-షాహికిగాని, తరువాతి రకములకుగాని రెండు కత్తిరింపులు తప్పవు. వేసవి కత్తిరింపు తరువాత వచ్చు రెమ్మల కణుపులలో పూమొగ్గ తయారగును; అక్టోబరు కత్తిరింపుతో అది గుత్తిగా వెలువడును. మొదటిదానిని అశ్రద్ధ చేసి రెండవదానివలన కాపు కోరుట వృథా.

ఇక నేల. నల్లరేగడి పత్తికి, శనగకు మేలైనదే. కాని తడి పట్టి వేరుకు గాలి అందనీయదు. నీరు నిలుచు చేనులో ద్రాక్ష వేయరాదు. తక్కిన చేలలోనైనను మురుగు కాలువలు త్రవ్వి, ఉప్పును, ఎద్దడిని ఓర్చు డాగ్‌రిడ్జ్ వేరుమూలముపై అంటు కట్టిన మొక్కలనే నాటవలెను. పందిరి ఖర్చు పెద్దది. ఆళ్లగడ్డలో రాతిపనివారికి కొదవ లేదు గాని, మట్టి, బావినీటి పరీక్షల ఫలితములు చేతికి రానిదే రాతి స్తంభములకు బయానా ఈయవద్దు.