తెలుగు అన్వేషణ పదాలు – అఫిలియేట్ వెబ్‌సైట్ విషయప్రణాళిక: పల్నాటి పుస్తకాల ఉదాహరణ

వ్యాససంగ్రహం

పుస్తకాలను పరిచయం చేసి, విక్రయ లంకెల ద్వారా కమీషను పొందే తెలుగు వెబ్‌సైట్‌కు అన్వేషణానుకూలమైన విషయాన్ని ఎలా ప్రణాళిక వేసుకోవాలో పల్నాటి చరిత్ర, సాహిత్యాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పదరూపభేదం, అన్వేషకుని ఉద్దేశం, పుటల అమరిక, విశ్వసనీయత అనే నాలుగు అంశాలు ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: అఫిలియేట్ మార్కెటింగ్, అన్వేషణ యంత్రం, ఔపవిభక్తికం, పల్నాడు, కారంపూడి.

1. ఉపోద్ఘాతం

ఒక విక్రేత అమ్మే వస్తువును గూర్చి వేరొకరు తమ వెబ్‌సైట్‌లో రాసి, అక్కడి లంకె ద్వారా కొనుగోలు జరిగినప్పుడు కమీషను పొందే పద్ధతిని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. అమెజాన్ సంస్థ 1996లో ప్రారంభించిన అసోసియేట్స్ పథకం ద్వారా పుస్తక విక్రయంలో ఈ పద్ధతికి ప్రాచుర్యం వచ్చింది. తెలుగులో పరిశోధనగ్రంథాలు అచ్చయినా, అవి ఉన్నాయన్న సంగతి పాఠకునికి తెలియకపోవడం పాత సమస్య. అందువల్ల ఈ పద్ధతిని వ్యాపారదృష్టితో మాత్రమే కాక, గ్రంథసమాచార వ్యాప్తి దృష్టితోనూ చూడవలసి ఉంది.

2. పదరూపభేదం

అన్వేషణ యంత్రానికి తొలి ఆధారం పాఠకుడు టైపు చేసే పదం. తెలుగులో ఆ పదం ఒకే రూపంలో ఉండదు. ‘పల్నాడు’ అనే నామం సమాసంలో ‘పల్నాటి’గా మారుతుంది. ఇది వ్యాకర్తలు చెప్పిన ఔపవిభక్తిక కార్యమే. అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రానికి ఈ రెండూ వేర్వేరు పదాలు. నేటి యంత్రాలు అర్థసామ్యాన్ని కొంతవరకు గ్రహించగలిగినా, పూర్తిగా వాటిపైనే ఆధారపడడం సరికాదు. ఇక వర్ణక్రమ భేదాలు వేరు: పల్నాడు – పలనాడు, నరసరావుపేట – నర్సరావుపేట, కారంపూడి – కారెంపూడి. రోమన్ లిపిలో తెలుగు టైపు చేసేవారి వల్ల ఈ భేదాలు మరింత పెరుగుతాయి.

కాబట్టి శీర్షికలో ఎక్కువమంది వాడే రూపాన్ని ఉంచి, మొదటి పేరాలో ఇతర రూపాలను ఒక్కసారి సహజంగా ప్రస్తావించడం మేలు. అన్ని రూపాలనూ వరుసగా గుప్పిస్తే వాక్యం చెడుతుంది. అన్వేషణ యంత్రాలు కూడా దానిని దోషంగానే పరిగణిస్తాయి. మరొక ముఖ్యాంశం లిపి సంకేతీకరణ. అను వంటి పాత ముద్రణ ఫాంట్లలో కూర్చిన పాఠం కంటికి తెలుగుగా కనిపించినా, యంత్రానికి తెలుగు కాదు. యూనికోడులోకి మార్చనిదే అది అన్వేషణలో దొరకదు.

3. అన్వేషకుని ఉద్దేశం

‘పల్నాటి యుద్ధం’ అని వెతికేవారందరూ కోరేది ఒకటి కాదు. ఒకరికి 12వ శతాబ్దపు చరిత్ర కావాలి. ఒకరికి 1947 నాటి చిత్రమో, అదే పేరుతో 1966లో వచ్చిన చిత్రమో కావాలి. మరొకరికి శ్రీనాథుని ద్విపద కావ్యం కావాలి. ‘పల్నాడు’ అన్న ఒక్క మాటకు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన జిల్లా ఒక అర్థమైతే, అదే పేరు గల రైలు మరొక అర్థం. ‘కోడిపోరు’ అంటే కారంపూడి ఉత్సవంలో ఒక దినం పేరు. సాధారణ పాఠకునికి సంక్రాంతి పందెం.

పుస్తకాల వెబ్‌సైట్ ఇటువంటి విశాలపదాల కోసం పోటీపడడం వల్ల ప్రయోజనం స్వల్పం. ‘పల్నాటి వీరచరిత్ర ఏ ముద్రణ మంచిది’, ‘నాయకురాలు నాగమ్మపై పుస్తకాలు’ వంటి దీర్ఘపదబంధాలను వెతికేవారు తక్కువే. అయినా వారి అవసరం స్పష్టం; పుస్తకం కొనే అవకాశమూ వారిలోనే ఎక్కువ.

4. పుటల అమరిక, కాలక్రమం

పల్నాటి సాహిత్యంపై ఒక కేంద్రపుటను రూపొందించి, దానికి ఉపపుటలను అనుసంధించాలి. మూలకావ్యం – ముద్రణలు; బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు; గురజాల, మాచర్ల, కారంపూడి స్థలచరిత్ర; నాగార్జునకొండ బౌద్ధం; వినుకొండలో జన్మించిన జాషువా; పుల్లరి ఉద్యమం, కన్నెగంటి హనుమంతు – ఇవి సహజమైన విభాగాలు. ఒక ప్రశ్నకు ఒకే పుట ఉండాలి. రెండు పుటలు ఒకే ప్రశ్నకు సమాధానమిస్తే అవి అన్వేషణలో పరస్పరం పోటీపడతాయి.

అన్వేషణకు ఋతువులు కూడా ఉంటాయి. కార్తిక అమావాస్యతో మొదలయ్యే కారంపూడి వీరారాధనోత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఐదు దినాలున్నాయి. ఒక్కొక్క దినం కథలోని ఏ ఘట్టానికి చెందినదో, ఆ ఘట్టం ఏ గ్రంథంలో లభిస్తుందో వివరించే పుటను ఉత్సవానికి కొన్ని వారాల ముందే ప్రచురించాలి. యంత్రం పుటను గుర్తించి సూచికలో చేర్చడానికి వ్యవధి అవసరం. మహాశివరాత్రికి కోటప్పకొండ ప్రభలపై రాసే పుటకూ ఇదే నియమం.

5. విశ్వసనీయత

విక్రేత ఇచ్చిన వర్ణననే తిరిగి రాసి లంక జోడించిన పుటను అన్వేషణ యంత్రాలు విలువలేనిదిగా పరిగణిస్తాయి. పరిశోధకుడు ఇక్కడ అదనంగా ఇవ్వగలిగినది ఉంది: 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన పరిష్కరణకూ తరువాతి ముద్రణలకూ గల పాఠభేదాలు, పీఠిక విలువ, పదసూచిక ఉన్నదీ లేనిదీ. ఈ వివరాలు పుస్తకం చేతపట్టి చదివినవారే రాయగలరు.

కమీషను సంబంధాన్ని దాచకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, సిఫారసును ప్రభావితం చేయగల ఆర్థిక సంబంధాన్ని వెల్లడించాలి. ఇటువంటి లంకెలను గుర్తించేందుకు గూగుల్ 2019లో ‘స్పాన్సర్డ్’ అనే గుర్తును ప్రవేశపెట్టింది. అసలు పరీక్ష మరొకటి ఉంది. శ్రీనాథుని మూలపాఠం ఎవరి హక్కులోనూ లేదు. దాని ఉచిత డిజిటల్ ప్రతి న్యాయబద్ధంగా లభిస్తే, విక్రయ లంకె పక్కనే ఆ సంగతీ చెప్పాలి. అందువల్ల ఒక కమీషను పోవచ్చు. కాని గ్రంథాలయం అందుబాటులో లేని విద్యార్థి ఆ పుటను నమ్ముతాడు. తరువాతి ప్రశ్నతో తిరిగి అక్కడికే వస్తాడు.

6. ముగింపు

అన్వేషణానుకూల రచన అంటే యంత్రం కోసం భాషను వంచడం కాదు. పాఠకుడు ఏ పదంతో, ఏ అవసరంతో, ఏ కాలంలో వెతుకుతాడో తెలుసుకుని, అతనికి నిజాయితీగా సమాధానమివ్వడం. పదరూపాలు, పాఠభేదాలు, గ్రంథచరిత్ర తెలుగు శాఖలలో నిత్యం బోధిస్తున్న విషయాలే. ఆ జ్ఞానాన్ని యూనికోడులో, సరైన శీర్షిక కింద నిలిపితే, పల్నాటి గ్రంథాలకు అవసరమైన పాఠకులు లభిస్తారు. ఇతర ప్రాంతాల స్థానిక సాహిత్యానికీ ఈ ప్రణాళిక వర్తిస్తుంది.