దాలిగుంట – కరెంటు కుండ

మాది నందిగామ, జగ్గయ్యపేటల నడుమ మెట్టపల్లె. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చినా, గ్యాసు వచ్చినా, మా నాయనమ్మ దాలిగుంట వదల్లేదు. పిడకల నిప్పుమీద ఉలవలు రాత్రంతా ఉడకాల్సిందే. ఆ పొగకు ఆమె కళ్లు ఎర్రబడి నీరు కారుతుంటే చూడలేక, స్కాలర్‌షిప్పు డబ్బుతో స్లో కుక్కర్ కొని సంక్రాంతికి పట్టుకెళ్లాను.

1971లో అమెరికాలో 'క్రాక్‌పాట్' పేరుతో ఇది అమ్మకానికి వచ్చింది. పింగాణీ కుండ, చుట్టూ వేడెక్కే తీగ, పైన మూత, అంతే. 'లో' పెట్టినా 'హై' పెట్టినా వేడి చివరకు మరుగు దగ్గరికే చేరుతుంది. తేడా అల్లా పట్టే కాలంలోనే.

నానిన ఉలవలు రాత్రి అందులో వేశాను. తెల్లారేసరికి గింజ మెత్తబడింది. కట్టు మాత్రం నీళ్లే! నాయనమ్మ గరిటె ఎత్తి చూసి, "గింజ ఉడికింది గానీ, చారు కాలేదురా" అంది.

ఆ మాటలోనే శాస్త్రమంతా ఉంది. మెత్తబడటానికి వేడి, కాలం చాలు. చిక్కబడాలంటే నీరు ఆవిరై పోవాలి. మరుగుతున్న కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్లు కావాలి. 200 వాట్ల కుక్కర్ గంటకిచ్చేది 720. పైగా లేచిన ఆవిరి మూతకు తగిలి మళ్లీ కుండలోకే జారుతుంది.

అందుకని కట్టు వంచి, వెడల్పు గిన్నెలో మూత లేకుండా గ్యాసుమీద మరిగించాం. పులుపు ముందే పడితే గింజ త్వరగా మెత్తబడదు గనుక చింతపండు చివర వేశాం. ఒక్క హెచ్చరిక: మధ్యలో కరెంటు పోయి కుండ గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే, ఆ వంట పారబోయాల్సిందే.

నాయనమ్మ రెండోసారి చారు పోయించుకుంది. దాలి మాత్రం పూడ్చనివ్వలేదు. పాలకు ఉండాలట!