తుప్పు పట్టినంత మాత్రాన బాంబు చావదు

"యుద్ధం మన దాకా ఎక్కడొచ్చింది?" అని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది తేలిగ్గా అనేస్తారు. వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఈ రెండు జిల్లాల నేల అప్పటికి విశాఖ జిల్లాలోదే. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను జపాన్ నౌకాదళం ముంచింది. 1944 ఫిబ్రవరిలో జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110, 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ఎదుటి సముద్రంలోనే మునిగాయి. టార్పెడోలు, మైన్లు వేసుకొచ్చిన ఘాజీ శిథిలం ఇప్పటికీ అక్కడే ఉంది. వల వేసేవాడు జిల్లా సరిహద్దు చూసుకుని వేయడు కదా.

ఇంతకన్నా ప్రమాదకరమైన అపోహ ఇంకొకటి: ఇన్నేళ్లు ఉప్పునీళ్లలో నానిన మందు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందని. బాంబుల్లో ఎక్కువగా వాడిన టీఎన్‌టీ నీళ్లలో దాదాపు కరగదు. తుప్పు తినేది పైనున్న ఇనప తొడుగును, అకస్మాత్తుగా పేలకుండా ఆపే లోపలి భాగాలను. స్ప్రింగు సడలిపోయి, సూది ఒక అదురుకే కదిలే స్థితికి వచ్చినా లోపలి మందు మందుగానే ఉండొచ్చు. కొన్ని పాత ఫిరంగి గుళ్లలో పోసిన పిక్రిక్ ఆమ్లమైతే లోహంతో కలిసి పిక్రేట్లుగా మారుతుంది. అవి చిన్న రాపిడికే పేలతాయి. ఆలస్యంగా పేలాలని తయారుచేసిన బాంబుల్లో ఎసిటోన్ మెల్లగా సెల్యులాయిడ్ బిళ్లను కరిగించి సూదిని వదులుతుంది. ఆ బిళ్ల ఏళ్ల తరబడి దానంతటదే పెళుసెక్కిపోతుంది. 2010లో జర్మనీలోని గోటింగెన్‌లో అలాంటి బాంబే, నిర్వీర్యం చేసే పని ఇంకా మొదలుపెట్టక ముందే పేలి ముగ్గురు నిపుణులను పొట్టన పెట్టుకుంది. 2024 అక్టోబరులో జపాన్‌లోని మియజాకి విమానాశ్రయంలో అమెరికా బాంబు ఒకటి ఎవరూ ముట్టుకోకుండానే ట్యాక్సీవే పక్కన పేలింది. ఎవరికీ గాయాలు కాలేదు, అది అదృష్టం.

"జర్మనీ మీద లక్షల టన్నులు కురిశాయి, మన మీద పడినవెన్ని?" అన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే నిద్ర మానుకోవాల్సిన పని లేదు. కానీ 2018 డిసెంబరులో కోల్‌కతా నేతాజీ సుభాష్ డాక్‌లో పూడిక తీస్తుంటే దాదాపు 450 కిలోల బాంబు బయటపడింది. 2024లో బెంగాల్‌లోనే ఝార్‌గ్రామ్ జిల్లాలో దొరికిన ఇంకో బాంబును ఊరివాళ్లను దూరంగా పంపి పేల్చేశారు. రెండూ మన బంగాళాఖాతం తీర రాష్ట్రంలోనే. శ్రీకాకుళం జిల్లా మూలపేటలోనూ రేవు కడుతున్నారు, సముద్రగర్భం తవ్వే పని అక్కడా ఉంటుంది. పైగా ఈ ప్రమాదం రావడానికి మన నేల మీదే బాంబు పడి ఉండాల్సిన పని లేదు. 2004లో ఘాజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో విదేశాల నుంచి వచ్చిన పాత ఇనుములో పేలని ఫిరంగి గుళ్లు కలిసి వచ్చి, పదిమంది కార్మికులు చనిపోయారు.

వలలో పడ్డది గుల్లలు పట్టి రాయిలా కనిపిస్తుంది. గట్టున పడేసి సుత్తితో ఆ పెచ్చు రాల్చి చూడాలనిపించడం సహజం. పోలీసులకు చెబితే కేసు మెడకు చుట్టుకుంటుందని, ఆ పూట వేట పోతుందని భయం. వేట పోతుందన్నది నిజమే, ఆ నష్టం ఎవరూ కట్టివ్వరు. కేసు సంగతి మాత్రం తిరగేసి చూడాలి: 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం పట్టుకునేది అనుమానాస్పదంగా దగ్గర పెట్టుకున్నవాణ్ని. దొరికిన చోటు చెప్పినవాడికన్నా ఇంటికి మోసుకెళ్లినవాడికే చిక్కు ఎక్కువ. కనుక నేల మీదైతే కదపకండి, పిల్లల్ని దూరంగా తీసుకెళ్లి 112కు ఫోన్ చేయండి. సముద్రంలోనైతే 1554కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌కు చెప్పండి. పాత ఇనుము కొనే వ్యాపారులారా, తోకో మూతో ఉన్న బరువైన గొట్టం ఏదైనా వస్తే కాటాలో పెట్టకండి.