పునీతురాలి పేరు లేకపోతే జ్ఞానస్నానం ఆగిపోతుందా?

భిలాయిలోని తెలుగు కతోలిక ఇళ్లలో ఆడపిల్ల పుట్టగానే ఒక మాట మొదలవుతుంది: ‘పునీతురాలి పేరు పెట్టకపోతే ఫాదర్‌గారు జ్ఞానస్నానం ఇవ్వరు. బర్త్ సర్టిఫికెట్‌లోనూ ఆ పేరే ఉండాలి.’ తల్లీతండ్రీ కీర్తన అనుకున్న పిల్లను తాతగారు కేథరిన్ అంటారు, మేనత్త ఫిలోమినా అంటుంది. తగవు తేలేది జ్ఞానస్నానం నాడే. అదీ సెలవు దొరికినప్పుడు, ఏ శ్రీకాకుళం వైపో ఉన్న సొంతూరి గుడిలో. ఈలోగా సర్టిఫికెట్‌లో తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, సెక్టార్ 9 ఆసుపత్రి పేరుతో సహా అన్నీ ఉంటాయి. పిల్ల పేరు ఒక్కటే ఉండదు. నర్సరీ అడ్మిషన్ల వేళకు ఇల్లంతా ఉలిక్కిపడి లేస్తుంది.

ఇవ్వరని ఎవరు చెప్పారయ్యా అంటే ‘అందరూ అంటున్నారు’. అందరి సంగతి అలా ఉంచి, చర్చి చట్టం ఏమంటోందో చూద్దాం. 1983 నాటి కతోలిక ధర్మస్మృతి 855వ నిబంధన కోరేది ఒక్కటే: క్రైస్తవ భావానికి పరాయిదైన పేరు పెట్టకుండా తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, విచారణ గురువు జాగ్రత్తపడాలి. పునీతుల జాబితాలోంచే తియ్యాలన్న ముక్క అందులో ఎక్కడా లేదు. అంతకు ముందున్న 1917 స్మృతి కాస్త గట్టిదే. క్రైస్తవ పేరు పెట్టించమని గురువులకు చెప్పింది. తల్లిదండ్రులు వినకపోతే? వాళ్లు పెట్టిన పేరుకు ఒక పునీతుడి పేరు జోడించి, రెండూ రిజిస్టరులో రాసుకోమంది. బిడ్డను వెనక్కి పంపమనలేదు. అంటే మన సెక్టార్లలో తిరిగే పుకారు నూరేళ్ల కిందటి చట్టం కన్నా కఠినం!

పునీతుల పేర్లే కావాలనేవాళ్లకు దేవసహాయం పిళ్ళై గుర్తుండాలి. 1745లో ఆయన జ్ఞానస్నానం పొందినప్పుడు పెట్టిన పేరు బైబిల్లోని లాజరుకు తమిళ రూపం. 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ రోములో ఆయన్ని ఆ పేరుతోనే పునీతుడిగా ప్రకటించారు. రోముకు లేని పట్టింపు మేనత్తలకు ఎందుకో మరి. మన పెద్దవాళ్లు మాత్రం పేతురును రాయప్ప అనలేదా, జేవియర్‌ను శౌరి చేసుకోలేదా? ఆ రాయప్పల, శౌరమ్మల మనవలకే ఇవాళ కృప, కరుణ, దీవెన అంటే భక్తి చాలనట్టుంది.

సొంతూరి గుడి పట్టుదల ఇంకోటి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన నాటి నుంచి ఇక్కడే ఉండి, మూడో తరం నడుస్తున్న కుటుంబాలు కూడా ‘మన గుడి’ అంటే ఊళ్లోదే అంటాయి. చర్చి లెక్క వేరు. తగిన కారణం లేకపోతే పసిబిడ్డకు జ్ఞానస్నానం తల్లిదండ్రుల విచారణలోనే జరగాలి; అదీ పుట్టిన మొదటి కొద్ది వారాల్లో జరిగేలా చూడమంటోంది. భిలాయిలో కాపురం ఉన్నవాళ్ల విచారణ భిలాయిలోనే కదా! ఊరి విందు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. ‘గుడి రికార్డులో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే పెళ్లప్పుడు చిక్కే’ అని పెద్దలు అనడంలో నిజం ఉంది. రెండూ ఒకటే కావాలని నియమం లేదు. కానీ జ్ఞానస్నాన పత్రంలో ఫిలోమినా, ఆధార్‌లో కీర్తన ఉన్న అమ్మాయి ఆ ఇద్దరూ తానేనని అఫిడవిట్లు రాసిస్తూ తిరగాల్సిందే. అందుకని పేరు మానుకుంటామా? ముందే ఒకటి ఖాయం చేసుకుని రెండు చోట్లా అదే రాయిస్తాం. తాతగారి మనసు కష్టపెట్టలేమంటే కీర్తన మరియ అనండి. కాకపోతే రెండు చోట్లా అలాగే అనండి.

మిగతావి చిల్లర నమ్మకాలు. మరియ అని పెడితే కష్టాలు వెంటపడతాయట! వేళాంగణి మాతకు మొక్కేవాళ్లే ఈ మాటా అంటారు. తెలుగు పేరు పెడితే ఎస్సీ సర్టిఫికెట్ నిలుస్తుందనే లెక్క కూడా తప్పు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చూసేది మతాన్ని, పేరును కాదు. పేరులో అక్షరాలు కూడి న్యూమరాలజీ చూసేవాళ్లకు చెప్పేదేమీ లేదు. బాప్తిస్టు, పెంతెకోస్తు ఇళ్లలో పసివాళ్లకు ప్రతిష్ఠ ప్రార్థనే, బాప్తిస్మం పెద్దయ్యాకే కాబట్టి ఈ తగవుకు అసలు చోటే లేదు.

ఇక సర్టిఫికెట్. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి, ఆధార్, పాస్‌పోర్టు, ఓటు, పెళ్లి నమోదు అన్నిటికీ జనన ధ్రువపత్రమే ఆధారం. ఇక్కడ అది హిందీ, ఇంగ్లిషు రెండింట్లో వస్తుంది కాబట్టి మనకు అదనపు మెలిక ఒకటుంది. మనం ఇంగ్లిషులో జ్యోతి అని రాయడానికి ‘టి’ పక్కన ‘హెచ్’ పెడతాం. హిందీవాళ్లకు ఉత్త ‘టి’ అంటేనే త. ‘హెచ్’ తగిలితే థ. ఫారంలో ఇంగ్లిషు ఒక్కటే నింపి వచ్చేస్తే హిందీ వరుసలో ‘జ్యోథి’ దిగుతుంది, లలిత ‘లలిథా’ అవుతుంది. దేవనాగరిలో ఎలా రాయాలో మీరే కాగితం మీద రాసివ్వండి. ప్రింటు తీసే ముందు ఒకసారి చదువుకోండి. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టకండి, పాస్‌పోర్టు దరఖాస్తులో ఇనిషియల్స్ చెల్లవు.

మీ పాప సర్టిఫికెట్‌లో ఇంకా పేరు లేకపోతే దాని మీదున్న నమోదు తేదీ చూడండి. ఆ తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము లేదు. దాటితే ఆలస్య రుసుము కట్టాలి, అదీ 15 ఏళ్ల లోపే. జ్ఞానస్నానం తేదీ కుదిరేదాకా ఆగకుండా ముందు ఆ పని ముగించండి.