ఒక్క షేరున్నా ఓటుంది!

విజయవాడ బెంజ్ సర్కిల్లో షేర్ల మాటెత్తితే, నడివయసు దాటినవాళ్లకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చే పేరు 'సత్యం'. మనవాళ్ల కంపెనీ కదా అని కొన్నవాళ్లు ఈ చుట్టుపక్కల తక్కువేం కాదు. డబ్బు పోయిన సంగతి అందరూ చెప్పుకుంటారు. అంతకు ముందు ఒక్క రాత్రి వాటాదారులు కంపెనీ మెడలు వంచిన సంగతి మాత్రం మరుగున పడింది.

2008 డిసెంబరు 16 అది. రామలింగరాజు కుటుంబం నడిపే మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు సత్యం ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్థలాలూ రోడ్ల వ్యాపారం ఎందుకు? అదీ సొంతవాళ్ల దగ్గరే ఎందుకు? (సత్యాన్ని ఇంగ్లిషులో వెనక నుంచి చదివితే మేటాస్!) అప్పటికి కంపెనీలో రాజు కుటుంబానికి పది శాతం వాటా కూడా లేదు. మిగతాదంతా బయటివాళ్ల సొమ్మే.

మన మార్కెట్ అప్పటికే మూసేశారు. న్యూయార్క్‌లో ఇంకా తెరిచే ఉంది. అక్కడ సత్యం షేర్లున్నవాళ్లు అమ్మకాలకు దిగారు. ధర సగానికి పైగా పడిపోయింది. తెల్లారేలోపు కంపెనీ ఆ బేరాన్ని రద్దు చేసుకుంది. కోర్టు లేదు, ధర్నా లేదు. కొన్ని గంటలు... అంతే!

అసలు గుట్టు మూడు వారాలకు బయటపడింది. బ్యాంకులో ఉన్నట్టు చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని 2009 జనవరి 7న రాజు లేఖ రాశారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టేందుకు మేటాస్ కొనుగోలే ఆఖరి ప్రయత్నమని అందులోనే ఒప్పుకున్నారు. అంటే, ఆ రాత్రి షేర్లు వదిలించుకున్నవాళ్లు తమకు తెలియకుండానే ఓ మోసానికి మిగిలిన చివరి దారి మూసేశారు. మన చిన్న మదుపరులు మాత్రం పొద్దున్నే లేచి వార్త చదువుకున్నారు. అమెరికాలో షేర్లు కొన్నవాళ్లు ఉమ్మడిగా దావా వేస్తే 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఇక్కడివాళ్లకు అలాంటి దావా వేసే చట్టమే అప్పట్లో లేదు.

అమ్మడమా... అడగడమా?

నచ్చని కంపెనీ షేరు అమ్మేస్తే మనసు తేలికవుతుంది, నిజమే. కానీ దాన్ని కొనేవాడు ఒకడుంటాడుగా! ఒడిశాలోని నియమగిరి గనుల వ్యవహారంలో ఇంగ్లండ్ చర్చి 2010లో వేదాంత షేర్లు అమ్మేసింది. ప్రపంచమంతా ఆ కొండవైపు చూసింది. గనులు వద్దని తేల్చింది మాత్రం 2013లో అక్కడి గ్రామసభలే.

చిన్నవాళ్లకు ఇంకాస్త పనికొచ్చేది ఓటు. సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం ప్రకారం, సొంతవాళ్లతో పరిమితికి మించిన బేరం పెట్టుకోవాలంటే వాటాదారుల ఓటు కావాలి. ఆ బేరంతో సంబంధమున్నవాళ్లు ఓటు వేయకూడదు. వందమంది కలిస్తే ఉమ్మడి దావాకూ దారుంది. 2014లో టాటా మోటార్స్ ఉన్నతాధికారుల జీతాల ప్రతిపాదనను వాటాదారులు తిప్పికొట్టారు. మళ్లీ అడిగాకే, 2015 జనవరిలో ఒప్పుకున్నారు.

ఇక షేర్ల జోలికే పోనివాళ్ల సంగతి? వాళ్ల డబ్బూ ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. కృష్ణ దాటితే గుంటూరు. ఐటీసీ పొగాకు విభాగానికి అదే కేంద్రం. ఆ ఐటీసీలో పెద్ద వాటాదారుల్లో ఎల్ఐసీ ఒకటి. పొగ తాగని ఇల్లాలు కట్టే ప్రీమియం కూడా ఆ సంస్థ చేతిలోకే వెళుతుంది. ఇదెక్కడి న్యాయమని 2017లో కొందరు ముంబయి హైకోర్టుకెక్కారు. అయితే ఆకు పండించే రైతులూ ఈ జిల్లాలవాళ్లే. అందుకే ఇక్కడ తప్పొప్పులు తేల్చడం అంత సులువు కాదు. పాలసీదారుకు ఐటీసీ సభలో ఓటు లేదు. మ్యూచువల్ ఫండ్లయితే 2022 ఏప్రిల్ నుంచి కంపెనీల్లో ప్రతి తీర్మానం మీదా ఓటు వేసి తీరాలి. దేనికి ఎటు వేశారో వాళ్ల వెబ్‌సైట్లోనే చూసుకోవచ్చు.

నేరుగా షేరున్నవాళ్లు బందరు రోడ్డు దాటక్కర్లేదు. సాధారణంగా సభకు ముందు కనీసం మూడు రోజులు ఆన్‌లైన్ ఓటింగ్ ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. ఆ కబురు ఈమెయిల్లోనే వస్తుంది. చాలా ఇళ్లలో దాన్ని తెరిచి చూసేవాళ్లే ఉండరు.